పెరుగు దాకా రాని బంతి

ఇవాళ తెనాలిలో ఒక బంతి మొత్తాన్ని పెరుగన్నం తినకుండా లేపేశాను. చెయ్యి పట్టుకుని లేపలేదు. నోటితో లేపాను.

మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం. మగపెళ్లివారిది రేపల్లె. మేనమామను కదా అని బాపట్ల నుంచి టిఫిన్ కూడా తినకుండా పొద్దున్నే వెళ్లాను. అందరూ బఫే చాలన్నా, పెళ్లికొడుకు తాతగారు నిలబడి తిననన్నారని మా చెల్లెలు బల్లలు వేయించి, అరిటాకులు తెప్పించింది.

బంతి భోజనమంటే తినేవాళ్ల కుర్చీల వెనక తర్వాతి బంతివాళ్లు కాపలా కాయాల్సిందే. కుర్చీ వీపు మీద చెయ్యి వేస్తే ఆ కుర్చీ మనదైనట్టు. నిలబడ్డవాడి కంటికి కూర్చున్నవాడు తిండిపోతు. కూర్చున్నవాడి కంటికి వెనకున్నవాడు ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన మనిషి. కుర్చీ దొరికిన మరుక్షణం ఇద్దరి అభిప్రాయాలూ తారుమారవుతాయి. బస్సు మెట్టు మీద వేలాడుతూ "లోపలికి జరగండి" అని అరిచేవాడే, లోపలికొచ్చాక "ఇంకెక్కడ ఎక్కించుకుంటావయ్యా" అని కండక్టర్ మీద విరుచుకుపడతాడు. ఆఫీసుల్లో కుర్చీలైనా, పదవులైనా ఇంతే. ఇవన్నీ నలుగురికీ చెబుతూ తిరిగేవాణ్ని నేనే. ఇవాళ నిలబడ్డది మాత్రం సరిగ్గా తాతగారి కుర్చీ వెనక.

ఆయన ముద్ద కలిపేవారు, ఆగేవారు. నోట్లో పెట్టుకునేవారు, ఆగేవారు. నాకేమో ఆకలి నషాళానికి అంటుతోంది. పక్కన నిలబడ్డాయనతో మెల్లగా అన్నాను.

"అచ్చం రేపల్లె ప్యాసింజరండి. అన్ని స్టేషన్లలోనూ ఆగాల్సిందే. పెరుగు స్టేషన్ ఎప్పటికొస్తుందో ఏంటో!"

ఆయన కిసుక్కున నవ్వాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కూర బాగుందనగానే ఇంకాస్త కారం చల్లే వంటవాడి లాంటివాణ్ని నేను. ఒక్క నవ్వు వినిపిస్తే చాలు, చెయ్యి ఆగదు.

"సిగ్నల్ ఇచ్చినా కదలట్లేదండి!" అన్నాను, ఈసారి కాస్త గట్టిగానే.

తాతగారు తల తిప్పలేదు. ఆకు మడిచి లేచారు.

బంతిలో పెద్దాయన లేస్తే మిగతావాళ్లు కూర్చోకూడదు. చారన్నం కలుపుకున్నవాళ్లు కలుపుకున్నట్టే వదిలేసి వరసంతా లేచింది. పెరుగు బకెట్టు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"పెరుగు పడకుండా లేపేశావు కదయ్యా, నువ్వేం మేనమామవి!" అన్నాడు మగపెళ్లివారిలో ఒకాయన, చెయ్యి కడుక్కుంటూ.

మా చెల్లెలు నన్ను వంటపందిరి వెనక్కి లాక్కెళ్లింది.

"నీ పోలికలకి నా కూతురి పెళ్లే దొరికిందా అన్నయ్యా? ముహూర్తం సంగతి ఇంటికెళ్లి ఆలోచిస్తామంటున్నారు. ఆ ఇంట్లో తాతగారి మాటే మాట. పిల్ల గదిలో కూర్చుని ఏడుస్తోంది."

"తమాషాకన్నానే!"

"తమాషా నీది, పెళ్లి నాది. ఆయనకి ఈమధ్యే పళ్లసెట్టు పెట్టారంట. ఇంకా అలవాటు పడక నమల్లేకపోతున్నారు."

నా దవడ కూడా కదలడం మానేసింది.

మగపెళ్లివారు కార్లలో వెళ్లిపోయారు. తాతగారు మాత్రం కారెక్కలేదట. "ప్యాసింజరుని కదా, ప్యాసింజర్లోనే పోతాను" అని స్టేషన్‌కి బయల్దేరారట. నేను అన్నం గరిటెతో మెత్తగా మెదిపి, పెరుగు కలిపి, క్యారేజీలో సర్దుకుని పరిగెత్తాను. రైల్లో ఆయన ఎదుటి సీట్లో కూర్చున్నాను.

"బాబాయిగారూ, తప్పైపోయిందండి."

ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. బండి కదిలింది. ఒక స్టేషన్లో ఆగాక అడిగారు.

"ఏ స్టేషన్ ఇది?"

"జంపనండి."

క్యారేజీ మూత తీశాను. నాలుక చివర ఒక చమత్కారం మెదిలింది. మింగేశాను. మింగడం నాకు కొత్త, పళ్లసెట్టు కన్నా కష్టంగా ఉంది.

ఆయనే గిన్నెలోకి తొంగిచూశారు. "అయితే పెరుగు స్టేషన్ వచ్చిందన్నమాట. నువ్వు తిన్నావా?"

"లేదండి."

"ఆ మూత ఇలా పట్టు. ఒక్కణ్నీ తినను."

మూతలో నాకూ పెట్టారు. ఆయన ఒక ముద్ద తిని ఆగారు. నేనూ ఒక ముద్ద తిని ఆగాను. ఆగి తింటే పెరుగన్నానికి ఇంత రుచి ఉంటుందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. వేమూరులో ఆయన అన్నారు.

"బాగా మెదిపావు. మాట కూడా ఇలాగే కాస్త మెదిపి వదిలితే ఏం పోయింది?"

గిన్నెలో మిగిలిన అన్నాన్ని ఇంకాస్త మెదిపాను. భట్టిప్రోలు దాటేదాకా మెదుపుతూనే ఉన్నాను.

రేపల్లె వచ్చింది. అందరూ దిగిపోయారు. గిన్నెలో ఇంకా రెండు ముద్దలున్నాయి. తిరుగు ప్రయాణంవాళ్లు ఎక్కడం మొదలుపెట్టారు. సంచీ భుజానేసుకున్న ఒకాయన మా పక్కకొచ్చి, సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మమ్మల్నీ గిన్నెనీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"దిగరా ఏంటండి?" అన్నాడు.

"పెద్దాయన తింటున్నారండి" అన్నాను. ఆ చూపు నాకు బాగా తెలుసు. మధ్యాహ్నం తాతగారి కుర్చీ వెనక నిలబడి నేను చూసిన చూపే.

తాతగారు తీరిగ్గా ముగించి, కిటికీలోంచి చెయ్యి కడుక్కుని, "మీ చెల్లెలికి ఫోన్ కలిపివ్వు. ముహూర్తం పెట్టించుకోమని నేనే చెబుతాను" అన్నారు. కలిపిచ్చాను. మాట్లాడారు. అవతల మా చెల్లెలి ఏడుపు నాకూ వినిపించింది.

ఆయన లేచాకే లేచాను.