ఫ్రెంచి బల్లకు తలంటు

ఫ్రాన్సు వడ్రంగులకు దీటైనవాణ్ణి కోయంబత్తూరులో నేనొక్కణ్ణే. నేను మిల్లు వడ్రంగిగా ఉన్న రోజుల్లో, ఆర్.ఎస్. పురంలో మా ముదలాళి, అంటే మిల్లు యజమాని, బంగళాలో ఒక పాత ఫ్రెంచి బల్ల ఉండేది. పలుచని చెక్క రేకులు పొదిగి దానిమీద పూలగుత్తి తీర్చారు.

ఆయుధపూజకు బల్లను సిద్ధం చేయమన్నారు. మా ఉలులూ బాడిసలూ కడిగినట్టే దానిమీదా రెండు బిందెల నీళ్లు కుమ్మరించాను. తోళ్లు ఉడికించి చేసిన పాతకాలపు వజ్రపు బంక కరిగిపోయి పూరేకులన్నీ నీళ్లలో తేలాయి! సాయంత్రం ముదలాళి వచ్చి చూస్తే నా ఉద్యోగం ఊడినట్టే.

కారు వచ్చేలోగా రేకులన్నీ అతికించేశాను. ముదలాళి బల్ల నిమిరి, "కొత్తదాని మాదిరి ఉందే!" అన్నారు.

దీటైనవాణ్ణన్నది కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను. ఒక రేకు ఆ నీళ్లతోపాటు కాలువలోకి కొట్టుకుపోతే కొబ్బరిచిప్ప అరగదీసి పెట్టాను. అప్పట్నుంచి పాత చెక్కమీద తడిగుడ్డ కూడా వేయను.

అప్పట్లో ఆ బంగళాలోనే వంట చేసిన మా ఆవిడ ఇది చదివి అంది:

"అయ్యో సామీ! మీరు తలకాయి పట్టుకోని ఏడస్తా కూకోనుంటిరి. ముగ్గేసినట్టు రేకులన్నీ పేర్చింది నేను. మీరు బంక కాచిండారు, అంతే!"