షోకేసులో బసవరాజు కండలు

1981లో ఆదోని బస్టాండు దగ్గర నాకొక ఫొటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే వీధి వైపు ఒక అద్దాల షోకేసు, లోపల కాశ్మీరు కొండలు గీసిన పరదా, ఒక స్టూలు, రెండు దీపాలు. షోకేసులో ఊళ్లోవాళ్ల ఫొటోలన్నీ ఉండేవి, నాదొక్కటి తప్ప. వ్యాపారం జరగాలి కదా. నా చేతులు గొడుగు ఊచల్లాగా ఉంటాయి. ఏడో తరగతిలో డ్రిల్లు మాస్టరు ఛాతీ నిండా గాలి పీల్చమన్నాడు, పీల్చాను. "ఊ, పీల్చరా" అని మళ్లీ అన్నాడు. ఆయనకు తేడా కనపడలేదు. నా చదువు కూడా ఆ గాలి మాదిరే, లోపలికి పోయిందో లేదో తెలియకుండానే ఆ ఏడు ఆగిపోయింది.

అంతకు ముందు కొన్నేళ్లు ఎమ్మిగనూరులో ఒక స్టూడియోలో పనిచేశాను. ప్రింట్లు కడగడం దగ్గర్నుంచి దీపం పట్టుకోవడం దాకా అన్నీ అక్కడే నేర్చుకున్నాను. మా గురువు షోకేసు ముందు ఎప్పుడూ జనం ఉండేవాళ్లు. బస్సు దిగినవాళ్లు సంచి కింద పెట్టి మరీ చూసేవాళ్లు. ఆయన నాకు అన్నం పెట్టి పని నేర్పిన మనిషి. అయినా ఆ జనం గుర్తొస్తే నా కడుపులో ఆవాలు చిటపటలాడేవి. ఆదోనిలో నేను దుకాణం తెరిచింది బతకడానికే అని అందరికీ చెప్పేవాణ్ని. ఆయన వచ్చి నా షోకేసు ముందు నిలబడాలనే అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు కాలేజీలు తెరిచిన మూడో నెలలో బసవరాజు వచ్చాడు. కౌతాళం వైపు రైతు కొడుకు. మేనత్త ఇంట్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. మీసం ఇంకా వద్దామా వద్దా అని ఆలోచిస్తున్న వయసు. మహబూబ్ ఉస్తాద్ తాలీంఖానాలో చేరి రెండు నెలలైందట. తాలీంఖానా అంటే ఎర్రమన్ను పరిచిన గది, అందులో దండీలు, బస్కీలు తీస్తారు, ఇనుప గుండ్లు ఎత్తుతారు. కండలు కనపడేటట్టు ఫొటో కావాలన్నాడు. చొక్కా విప్పాడు. చొక్కాలో ఉన్నప్పుడే కాస్త నయం.

"కండ యాడుందప్పా?" అన్నాను.

"లోపలుందన్నా. ఈ మధ్యనే కదా మొదలుపెట్టింది."

లోపలున్నదాన్ని బయటికి తేవడం మా వృత్తిలో పెద్ద కష్టమేమీ కాదు. పాస్‌పోర్టు ఫొటోకు దీపం ఎదురుగా పెడతాం, గుంటలూ మిట్టలూ అన్నీ చదునైపోతాయి. అదే దీపాన్ని పక్కకు జరిపి భుజం ఎత్తుకు దించితే గోరంత మిట్ట కూడా పొడుగాటి నీడ వేస్తుంది. దాన్ని సైడ్ లైట్ అంటాం. బసవకు ఒళ్లంతా కొబ్బరినూనె పూయించాను. నడుము తిప్పమన్నాను, ఊపిరి బిగబట్టమన్నాను, కళ్లు బయటికొచ్చేలోపు ఫొటో తీశాను. ఆ తర్వాత నెగటివ్ మీద టచింగ్ చేశాను. నెగటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారుగా ఉంటాయి కాబట్టి పెన్సిల్ దిద్దిన చోట ప్రింటులో మెరుపొస్తుంది, బ్లేడుతో సన్నగా గీరిన చోట నీడ చిక్కబడుతుంది. బసవ పొట్ట మీద దేవుడు పెట్టడం మరిచిపోయిన గీతలన్నీ నేను గుర్తుపెట్టుకుని పెట్టాను.

పెద్ద సైజు ఎన్‌లార్జ్‌మెంట్ చేసి షోకేసు నడిమధ్య నిలబెట్టాను. ఇక చూడండి. మార్కెట్ యార్డుకు పోయే పత్తి బండ్లు ఆగాయి. మంత్రాలయం బస్సు కోసం నిలబడిన యాత్రికులు బస్సొచ్చినా కదలలేదు. అందరూ "ఎవురప్పా ఈ పిల్లోడు?" అని అడిగేవాళ్లే గాని, ఎవరు తీశారని ఒక్కడు అడిగితే ఒట్టు. సగం కండలు నావి, పేరంతా వాడిది. మా ఆవిడ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, షోకేసు ముందు కాసేపు ఆగి, లోపలికొచ్చి అన్నం పెడుతూ నా చేతుల వైపు ఒక చూపు చూసింది.

ఎమ్మిగనూరు గురువు కూడా వచ్చాడు. నేను కోరుకున్నట్టే షోకేసు ముందు నిలబడ్డాడు. అద్దానికి ముక్కు ఆనించి చూసి, "టచింగ్ ఎక్కువైంది" అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అందరికంటే ఎక్కువసేపు ఆ ఫొటో ముందు నిలబడింది రాఘవేంద్ర. రాఘు అనేవాళ్లు. వాళ్లది మంత్రాలయంలో గుడి సేవ చేసుకునే కుటుంబం, ఇతను ఆదోనిలో గది తీసుకుని చదువుకుంటున్నాడు. బసవకు ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఒకే తరగతి, ఒకే బెంచీ, తాలీంలో చేరింది కూడా ఒకే రోజు. పొద్దున కాలేజీకి పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి ఆగేవాడు. నవ్వేవాడు కాదు. చివరికి ఒకరోజు లోపలికి వచ్చాడు.

"అన్నా, వానికి ఇది ఎట్లొచ్చింది?"

"నేనే పెట్టినాను నాయనా. పెన్సిల్‌తో."

"తమాషా వద్దన్నా. నాకు తెలీకుండా వాడేదో తింటాండాడు. నీకు సెప్పే ఉంటాడు."

"దీపం తింటాండాడప్పా" అని, ఆ దీపం చూపించి, జరిపి, వెలిగించి, అంతా వివరంగా చెప్పాను. ఎగతాళి మనిషికి ఉండే కష్టం ఇదే. పదిమందిని నవ్వించి నవ్వించి, పదకొండోవాడికి నిజం చెబితే నమ్మడు. తాలీంలో రోజూ పక్కపక్కనే దండీలు తీస్తున్నారు కదా, బసవ ఒళ్లు నీకు తెలియదా అని అడిగాను. దానికి అతని దగ్గర జవాబుంది. ఎక్స్‌రేలో కంటికి కనపడని ఎముక కనపడుతుంది కదా, ఫొటోలోనూ అంతేనట. వాడి కండ లోపల తయారై ఉంది, ఇక బయటపడటమే మిగిలిందట. తన లోపల ఏమీ తయారు కాలేదట. ఆ మాట విని నేను దీపం ఆర్పేశాను.

అంతలో కాలేజీ డే వచ్చింది. ఆ ఏడు బాడీ షో కూడా పెట్టారు. కుర్రాళ్లు స్టేజీ మీద చొక్కాలు విప్పి కండలు చూపించడమన్నమాట. నా షోకేసు చూసిన లెక్చరరు ఒకాయన బసవ పేరు తనే రాయించాడు. అది తెలిసి రాఘు తన పేరు తనే ఇచ్చుకున్నాడు. ఆ రోజు బసవ పక్కన నిలబడి వాడికంటే మెరుగనిపించుకోవాలి, అంతే. దానికోసం అతను చేయని పని లేదు. ఇంట్లో ఉల్లిపాయ కూడా తినని పిల్లవాడు పచ్చి గుడ్డు మింగి తాలీం వెనక కక్కుకున్నాడు. బసవతో మాటలు మానేశాడు, బెంచీ మారాడు. బసవ ఒక గుండు ఎత్తితే తను దానికంటే పెద్దది ఎత్తబోయేవాడు. ఉస్తాద్ నమాజుకు పోయిన సమయం చూసి, ఉస్తాద్ ఎత్తే గుండునే ఎత్తాడు. భుజం పట్టేసి గుండుతోపాటు మన్నులో పడ్డాడు.

మర్నాడు ఉస్తాద్ నా దుకాణానికి వచ్చాడు. పత్తి ప్రెస్సులో బేళ్లు మోసి పెరిగిన మనిషి, వయసు పైబడినా తలుపు నిండా ఉంటాడు. నీ పటం వచ్చినప్పటి నుంచి నా తాలీంలో పిల్లలెవరూ నా మాట వినడం లేదు, మీసాలు రాకముందే, వచ్చే పండుగ లోపలే కండలు కావాలంటున్నారు, అని నిష్ఠూరమాడి వెళ్లాడు.

ఆ సాయంత్రమే బసవ వచ్చాడు. వచ్చినవాడు నేరుగా లోపలికి రాకుండా, షోకేసు వైపు చూడకుండా, గోడ పట్టుకుని పక్కగా వచ్చాడు.

"అన్నా, కాలేజీ డే రోజు నీ దీపం తెచ్చి స్టేజీ పక్కన పెట్టవా?"

"దీపం తెస్తాలే. పెన్సిల్ ఎట్లప్పా? నీ పొట్ట మీద గీయాల్నా?"

అతను నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని తల వంచుకున్నాడు. "ఆ పటంలో ఉండేవాడు నాకంటే బాగుండాడన్నా. అందరూ వాన్ని సూసి నా తావుకొస్తారు. సొక్కా పట్టి గుంజి సూస్తారు. సూసి, ఇంతేనా అంటారు. ఇంట్లో మా అత్త కూడా వాన్నే మెచ్చుకుంటాది. వాన్ని సూస్తే నాకే కుళ్లుగుంటాది."

నేను చాలా రకాల ఓర్వలేనితనం చూశాను, నాలోనే రెండు మూడు రకాలు పెంచుకున్నాను. కానీ తన ఫొటో మీద తానే కళ్లలో నిప్పులు పోసుకునేవాణ్ని అదే మొదటిసారి చూడటం. చెయ్యి పట్టుకుని తాలీంకు తీసుకుపోయాను, ఉస్తాదే ఏదో ఒకటి చెబుతాడని.

అక్కడ రాఘు బోర్లా పడుకుని ఉన్నాడు, ఉస్తాద్ అతని భుజానికి నూనె పట్టిస్తున్నాడు. బసవ అతణ్ని గమనించలేదు. ఉస్తాద్‌తో మొత్తం చెప్పేశాడు, దీపం సంగతి, పెన్సిల్ సంగతి, స్టేజీ ఎక్కాలంటే భయంగా ఉన్న సంగతి. మన్నులోంచి నవ్వు వినపడింది. రాఘు నవ్వుతున్నాడు. భుజం నొప్పికి మధ్యలో ఆగి, మళ్లీ నవ్వాడు. తర్వాత లేచి కూర్చుని, నవ్వు లేకుండా అడిగాడు.

"నాకొక్క మాట సెప్పలేకపోయినావేంరా?"

బసవ మన్ను గోటితో గీరుతూ అన్నాడు. "నువ్వు కుళ్లుకుంటాంటే నాకు సంతోషంగుండేదిరా. నువ్వొక్కనివే నన్ను సూసి కుళ్లుకున్యావు. తక్కినోళ్లంతా పటాన్ని సూసి మెచ్చుకున్యారు."

ఉస్తాద్ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ వయసులో ఒళ్లు ముందు పొడుగు పెరుగుతుంది, తిన్నదంతా ఎముకకే పోతుంది. వ్యాయామం మొదలుపెడితే తొలి నెలల్లో వచ్చేది బలం, అది కంటికి కనపడదు. వచ్చినప్పుడు ఎత్తలేని గుండు ఇప్పుడు ఎత్తుతున్నారు కదా, అదే లాభం. కండ ఆ తర్వాత, నెలల్లో కాదు, ఏళ్ల మీద వస్తుంది. ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి వాళ్ల నాయన ఒళ్లు ఎట్లుంటే అట్ల. జొన్నరొట్టె, పప్పు, నానబెట్టిన శనక్కాయలు, మజ్జిగ, కంటి నిండా నిద్ర, అంతకుమించి ఆయన దగ్గర ఏ మందూ లేదు. చివర్లో రాఘు భుజం మీద మెల్లగా తట్టి అన్నాడు:

"బేటా, సేన్లో పత్తి గింజ ఏసినాక, పక్కోని సేను సూసి మన మొలకను పైకి గుంజితే ఏమైతాది? ఏరుతో సహా వస్తాది."

కాలేజీ డే నాడు రాఘు కట్టు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. బసవ స్టేజీ ఎక్కాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. ఆ చొక్కాతోనే ఆపకుండా దండీలు తీశాడు. చివరిదాకా నడుము వంగలేదు. హాలంతా సొక్కా ఇప్పు, సొక్కా ఇప్పు అని ఒకటే గోల. బసవ లేచి చేతుల దుమ్ము దులుపుకుని, వెనక నిలబడ్డ నన్ను వేలుతో చూపించాడు.

"కండలు నా తావు లేవు. ఆ సుంకన్న తావుండాయి, ఆయన్ని ఇప్పమనండి."

హాలు మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ నవ్వు ఆదోని కొండల దాకా వినపడి ఉంటుంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాఘు. ఆ తర్వాతి వారం ఇద్దరూ మళ్లీ ఒకే బెంచీ మీద కూర్చున్నారని విన్నాను.

కాలేజీ డే మర్నాడే ఫొటో షోకేసులోంచి తీసేశాను. గోడకు ఆనించి తుడుస్తుంటే రాఘు వచ్చాడు. అంతా తెలిసినవాడు, దీపం చూసినవాడు, నవ్వినవాడు. కాసేపు అటూ ఇటూ చూసి, మెల్లగా, "తావు ఖాళీ అయింది కదన్నా, భుజం నయమైనాక నాదొకటి అట్లే తీసి పెట్టగూడదా?" అన్నాడు. తీయనన్నాను. కానీ అడిగినందుకు అతన్ని తప్పుపట్టలేకపోయాను. ఎమ్మిగనూరులో ఎవరి షోకేసు ముందు ఎంతమంది ఉన్నారో వచ్చే పోయే బస్సు కండక్టర్లను నేనూ అడుగుతూనే ఉన్నాను కదా.

ఆ గొడవ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. కండల ఫొటో కావాలని ఏ కుర్రాడు వచ్చినా రెండు తీసేవాణ్ని, దీపం ఎదురుగా ఒకటి, పక్కన ఒకటి. రెండూ ఒకే నిమిషంలో తీసినవని, ఆ తేడా అంతా దీపానిదని, నీది కాదని చెప్పి, రెండూ చేతిలో పెట్టేవాణ్ని. ఈ వయసులో కొలుచుకోవాల్సింది నిన్నటి నీతోనే గాని పక్కవాడితో కాదని కూడా చెప్పేవాణ్ని. బుద్ధిగా వినేవాళ్లు. విని, రెండోది జేబులో పెట్టుకుని, మొదటిది నా బల్ల మీద వదిలేసి పోయేవాళ్లు. అసూయకు మందు నిజం అనుకున్నాను గాని, నిజం తెలిసినా అది పోదు. కాస్త నవ్వుకోగలిగితే గుండు మీద పడకుండా ఉంటుంది, అంతే.

అయిదారేళ్లకు బసవ ఏదో దరఖాస్తుకు పాస్‌పోర్టు ఫొటో కావాలని వచ్చాడు. సేద్యం చేస్తున్నాడు, తాలీం మానలేదు. తలుపులోంచి కాస్త పక్కకు తిరిగి రావాల్సి వచ్చింది. భుజాలూ మెడా చూస్తే నేను ఆనాడు పెన్సిల్‌తో పెట్టినవన్నీ ఉన్నాయి, పెట్టనివి కూడా కొన్ని ఉన్నాయి. అతనికి మాత్రం ఆ సంగతే పట్టినట్టు లేదు, వానల గురించి మాట్లాడుతున్నాడు. నాకు మళ్లీ కడుపులో ఆవాలు చిటపటలాడాయి. మొహం మీదికి రానీకుండా, "ఇప్పుడు దీపం పక్కకు జరపాల్సిన పనే లేదప్పా. సొక్కా ఇప్పు, ఉన్నది ఉన్నట్టు ఒకటి తీస్తా" అన్నాను.

బసవ కాలరు సర్దుకుంటూ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"ఉన్నది సూసుకునేదానికి నీ తావుకు రావాల్నా అన్నా? ఇంట్లో అద్దముంది."