వణుకు ఆగిన దూడ

మా అత్తమ్మ మనుషులను కసురుకునేది కానీ బర్రెలను పల్లెత్తు మాట అనేది కాదు. పెళ్ళయి వైరా నుంచి ఈ అడవి అంచు ఊరికి వచ్చిన కొత్తలో, ఆ బర్రెలకు దక్కే మర్యాదలో సగం దక్కినా చాలనుకునేదాన్ని.

మొన్నటి చలికాలంలో ఒకరోజు తెల్లవారుతుండగా బర్రె ఈనింది. పెయ్యదూడ. చలికాలం పుట్టిన దూడ మా కొట్టంలో దక్కడమే అరుదు. ఇదన్నా బతకాలని అత్తమ్మ ఆరాటం. తడి ఒంటితో, నిక్కబొడుచుకున్న వెంట్రుకలతో అది గజగజ వణుకుతుంటే గోనెసంచి కప్పి పక్కన మంట వేశాం.

"పాలు తాపుదామా అత్తమ్మా?" అన్నాను.

"మాయ పడనియ్యి. పడకముందు తాపితే బర్రెకు మంచిది కాదు. మా అమ్మ కాలం నుంచి గట్లనే చేస్తున్నం."

మా పుట్టింట్లోనూ మావి పడేదాకా పాలు తాపకూడదనే పట్టింపు. నేను మంటలో ఇంకో కట్టె వేశాను.

ఎండెక్కినా మాయ పడలేదు. పశువుల డాక్టర్‌కు ఫోన్ చేశాం. ఈలోగా దూడ వణుకు ఆగింది.

"చూడు బిడ్డా, చలి పోయింది," అని అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

బర్రె కోసం వచ్చిన డాక్టర్ ముందుగా దూడ నోట్లో వేలు పెట్టి చూశాడు. నోరు చల్లబడిపోయిందట.

"చలి తగలంగనే మెదడు చెవులకు, కాళ్ళకు పోయే రక్తం తగ్గించి లోపలి వేడిని కాపాడుతది. కండలను వణికించి వేడి పుట్టిస్తది. దానికి కడుపుల పాలుండాలె. ఒళ్ళు మరీ చల్లబడితే మెదడు గూడ చేతులెత్తేస్తది. అప్పుడు వణుకు ఆగుతది," అన్నాడు.

మేము సంబరపడింది దానికి.

అత్తమ్మ మాయ సంగతి మరిచి ముర్రుపాలు పిండుకొచ్చింది. డాక్టర్ గొట్టం వేసి పట్టాడు. మేమిద్దరం గోనెసంచితో దూడ ఒళ్ళు రుద్దుతూనే ఉన్నాం. మధ్యాహ్నానికి అది పోయింది.

అంతకుముందు పోయిన దూడలకు దిష్టి తగిలిందని అత్తమ్మ నమ్మకం. డాక్టర్ చేతులు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళి అడిగింది.

"సారూ, ఎన్కట పోయినయి గూడ గిట్లనేనా?"

"పాలు తాపకుంటే అంతేనమ్మా."

అత్తమ్మ బర్రె పొదుగు మీద చెయ్యి వేసింది.

"తల్లి పక్కనే ఉండె. పొదుగు నిండ పాలుండె," అంది. "అన్నిటినీ తాగనియ్యకుండ నేనే ఆపిన."