గోడ మీద పాపక్క

బెంగళూరు పక్క జిగణిలో కార్ల విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీ క్యాంటీనులో, చేతులు కడుక్కునే చోట, పాపక్క ముఖం ఉంటుంది. నిలువెత్తు పోస్టరు. పసుపు హెల్మెట్టు, నుదుట రూపాయి కాసంత బొట్టు, నోటినిండా నవ్వు. కింద కన్నడంలోనూ తెలుగులోనూ ఒకటే మాట: ‘తప్పు కనిపిస్తే చెప్పండి. మీ పేరు బయటికి రాదు.’ ఆ పక్కనే ఒక ఫోన్ నంబరు.

ఆ ఫోటో తీసింది ఆర్డర్లు పొంగిపొర్లిన మంచి రోజుల్లో. అప్పట్లో ఏటా ఎథిక్స్ వీక్ అని ఒక వారం జరిపేవాళ్లు. ముగ్గుల పోటీ, క్విజ్జు, ఒక నాటిక, చివర్లో అందరికీ మైసూర్‌పాకు. పాపక్క ఆనేకల్లు పక్క పల్లె మనిషి. మొగుడు పోయాక ఈ ప్రెస్ షాపులో చేరి, పొద్దంతా నిలబడి రేకు ముక్కలు అచ్చు కొట్టేది. ఆమె ముఖంలో నిజాయితీ ఉందని పైవాళ్లు పిలిచి ఫోటో తీయించారు. ఆమె మురిసిపోయి ఇరుగుపొరుగు అందరికీ ఫోన్లో చూపించుకుంది.

కొత్తగా చేరిన ఆడవాళ్లెవరూ పోస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చేయరు. బొమ్మ వేశారంటే ఆ పని చూసేది ఆ మనిషే అనుకుని నేరుగా పాపక్క దగ్గరికే వస్తారు. టాయిలెట్లో నీళ్లు రావడం లేదని ఒకరు, సూపర్‌వైజరు వెకిలిగా మాట్లాడుతున్నాడని అర్పిత అనే పిల్ల, ఇలా ఆమెకే చెప్పుకునేవాళ్లు. ఆమె మేడెక్కి, ఫిర్యాదులు చూసే కంప్లయన్స్ మేనేజరు అచ్యుత్‌కు చెప్పేది. నెల్లూరు నుంచి వచ్చిన అచ్యుత్ మహా మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ వినేవాడు. నీళ్లు వచ్చాయి. సూపర్‌వైజరు వేరే షెడ్డుకు మారాడు. పాపక్కకు గురి కుదిరింది.

తర్వాత కార్లు అమ్ముడుపోవడం తగ్గింది. మైసూర్‌పాకు మానేశారు, షిఫ్టులు కోసేశారు, ఇద్దరి పని తెచ్చి ఒకరి మెడకు చుట్టారు. మొదటి విడత తీసేసిన వాళ్లలో అర్పిత ఉంది. మాంద్యం కదా అనుకుంది పాపక్క. పోస్టరు ఒక్కటి మాత్రం కొత్తగా వేయించారు, పాతదాని కంటే పెద్దది.

కదిరి నుంచి వచ్చిన ఫాతిమా కాంట్రాక్టు పిల్ల. ఒక మధ్యాహ్నం ముద్ద ముట్టని కంచం తెచ్చుకుని పాపక్క పక్కన కూర్చుంది.

“అక్కా, ఆ ఫోటోలో ఉండేది నువ్వే కదా?”

“నేనే. ఏమైందే?”

“చెయ్యి అడ్డమొస్తే ప్రెస్సు ఆగిపోయే సెన్సారు ఉండాది చూడు, దాన్ని ఆఫ్ చేసి పెట్టినారక్కా. మాటిమాటికీ ఆగితే లేటు అయితాదంట. నిన్న నా వేళ్లు కొంచెంలో తప్పినాయి. భయమైతాంది.”

పాపక్క తిండి సగంలో వదిలి మేడెక్కింది. అచ్యుత్ తల పంకిస్తూ అంతా విన్నాడు.

“ఇది చాలా సీరియస్ ఇష్యూ పాపక్క గారూ. మీకెవరు చెప్పారు?”

“పేరెందుకప్పా? పోయి మిషన్ చూస్తే తెలస్తాది కదా.”

“ప్రొసీజర్ అండీ. విట్నెస్ పేరు లేకుండా ఎంక్వైరీ ఓపెన్ చేయలేను. మనిద్దరి మధ్యే ఉంటుంది. మీ ఫోటో కిందే రాశాం కదా.”

ఆమె పేరు చెప్పింది.

వారం తిరక్కుండా ఫాతిమా కాంట్రాక్టు అయిపోయిందన్నారు. సెన్సారు ఆఫ్‌లోనే ఉంది. గేటు దగ్గర ఫాతిమా తిట్టనైనా తిట్టలేదు. “నీకు తప్ప ఎవురికీ చెప్పలేదక్కా” అని బస్సెక్కింది. ఆ నెలలోనే పాపక్కను స్టేజీ ఎక్కించి, ఎథిక్స్ ఛాంపియన్ అని శాలువా కప్పారు. రెండో విడతలో ఎంతోమంది పోయినా ఆమె ఉద్యోగం పోలేదు. ఇంటికెళ్లి ఆ శాలువాను గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి పడేసింది. దాని మీద కాలు పెట్టలేక పక్కనుంచి దాటిపోయింది.

మర్నాడు మళ్లీ మేడెక్కింది. ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు.

“నా ఫోటో తీసేయండప్పా.”

“తీయలేమండీ. మీరు సైన్ చేశారు, అది కంపెనీ ప్రాపర్టీ.” అచ్యుత్ నవ్వాడు. “మీకు తెలీదు గానీ, మా హాట్‌లైన్‌కి ఏడాదిగా ఒక్క కాల్ రాలేదు. మీ దగ్గరికి మాత్రం అందరూ వస్తారు. మీ ఫేస్ మీద వాళ్లకి ట్రస్ట్. ఇలాంటి టైమ్‌లో ఎవరు ఏమనుకుంటున్నారో ముందే తెలిస్తే మేనేజ్‌మెంట్‌కి ఎంత హెల్పో.”

వెటకారం కాదు. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు ఆ పెద్దమనిషి. గాలానికి ఎరను గుచ్చినట్టు తన ముఖాన్ని గోడకు గుచ్చారని పాపక్కకు అప్పుడు అర్థమైంది. అర్పిత ఎందుకు పోయిందో కూడా అర్థమైంది. అతని ముఖం మీద ఉమ్మాలనిపించింది. దానికంటే ముందు తన ముఖం మీద.

ఆ మధ్యాహ్నం, ఫాతిమా మిషన్ మీద కొత్తగా పెట్టిన చిన్ని అనే పిల్ల క్యాంటీనులో ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

“ఆ పటంలో ఉండేది మీరే కదక్కా? మీతో ఒక మాట చెప్పాల.”

“చెప్పద్దు.”

పిల్ల బిక్కమొహం వేసింది. “పోనీ, పైన సార్‌కే చెప్తా” అంటూ మెట్ల వైపు నడిచింది. పాపక్క పరుగున వెళ్లి రెక్క పట్టుకుని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టింది. షెడ్డులోకి వెళ్లి ప్రెస్సులకు పట్టించే నల్ల గ్రీజు డబ్బా తెచ్చింది. చేత్తో తోడి పోస్టరులోని తన బొట్టు మీద, కళ్ల మీద, నోటినిండా ఉన్న ఆ నవ్వు మీద దట్టంగా పూసింది. కింద రాసిన మాట కూడా కనబడకుండా పూసింది. వడ్డించే గరిటెలు ఆగిపోయాయి.

అచ్యుత్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. అంతమంది ముందు గొంతు పెంచలేక మెల్లగానే అడిగాడు.

“ఏంటండీ ఇది? ఉద్యోగం పోతుందని తెలుసా? మీ అంతట మీరు చేసింది కాదు, నాకు తెలుసు. ఎవరు చెప్పారో పేరు చెప్పండి.”

చిన్ని తల వంచుకుంది. పాపక్క గ్రీజు చేతిని చీర కొంగుకు తుడుచుకుంది.

“రాసుకోప్పా. సెన్సారు ఆఫ్ చేసినారని చెప్పింది పాపక్క. ఈ పేరు బయట పెట్టు.”