మొన మాడిన కడ్డీ

ఈ సాయంత్రం కోడుమూరు రైతు రామప్ప, ఆయన భార్య తమ బ్యాటరీ రేడియోతో కర్నూలులోని నా మరమ్మతు దుకాణానికి వచ్చారు. కాసేపట్లో మద్రాసు రేడియో కేంద్రం నుంచి వాళ్ల కూతురు పాడుతుందట. రేడియో లోపల తీగ ఊడింది. టంకం పెట్టే కడ్డీని బొగ్గుల్లో కాలిస్తే, అది మరీ ఎర్రబడి మొన మాడింది. చల్లార్చి, మొన గీకి, మళ్లీ కాల్చాల్సి వచ్చింది.

"ఇంగా ఎంతసేపప్పా? పాప పాడతాంటాది!" అన్నాడు రామప్ప.

"వేడి కుదరకుంటే టంకం నిలవదప్పా, రొంత ఆగు," అన్నాను.

రేడియో పలికేసరికి రెండో పాట నడుస్తోంది. రామప్ప భార్య కళ్లు మూసుకుని కడదాకా విన్నది.

"మొదటిది పాయ కదప్పా!" అని ఆయన నా మీద విసుక్కున్నాడు.

"రెండోదన్నా వింటిమి గదా, ఊరుకో," అన్నది ఆమె.

తొందరపడితే అదీ దక్కేది కాదని నా వాదన. మీరెవరి పక్షం?