ఎనిమిది తేడాతో గెలవాలి

"ఈసారి గెలిస్తే చాలదు మే. ఎనిమిది తేడాతో గెలవాల."

"గెలిస్తే గెలిచినట్టే గదయ్యా. మధ్యలో ఈ ఎనిమిదేంది?"

"వచ్చినాక చెప్తాలే. బస్సొచ్చింది."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. తెల్లవారుజామున అన్నం సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లాడు. దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. అన్నం వేళకు ముందే అక్కడ పెట్టెల పక్కన కూలిపోయాడట. ఫోన్ చేసిన మనిషి హిందీలో రెండు మాటలు చెప్పి, మూడోది చెప్పలేక ఫోన్ ఇంకొకరికి ఇచ్చాడు.

పోయేవాళ్లు పెద్ద మాటలేవో చెప్పి పోతారంటారు. ఈయన కూతురి బాస్కెట్‌బాల్ సంగతి చెప్పి పోయాడు. అదీ సగమే. ఆ ఎనిమిది ఏమిటో తెలియకుండా నా దగ్గర ఉండిపోయింది.

ఇది రాస్తున్నది నా ఆడపడుచు. చెబుతున్నది నేను. నాకు సంతకం వచ్చు, టేపు మీద అంకెలు వచ్చు, అంతకు మించి రాదు. షార్జా అల్ నహ్దాలో మా ఫ్లాట్‌లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను.

అప్పుడు మా అమ్మాయి పన్నెండో క్లాసు. కరోనా పోయి స్కూళ్లలో ఆటలు మళ్లీ మొదలైన రెండో ఏడు. ఆడపిల్లల జట్టుకి అదే కెప్టెను. వాళ్ల నాయన ఒక్క ఆట వదిలేవాడు కాదు. సెలవు రోజు పడుకోవయ్యా అంటే వినకుండా వెళ్లి, గోడకు అంటించిన పట్టికను ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి, నా సుద్దముక్కతో బీరువా తలుపు లోపల రాసుకునేవాడు. చీరలు తీస్తే చేతికి సుద్ద అంటేది.

"ఇట్ట చూడు మే" అని నాకు చెప్పేవాడు. ఆరు స్కూళ్లు ఒక గుంపు. ప్రతి స్కూలూ మిగతా అయిదింటితో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి తమ స్కూల్లో, ఒకసారి వాళ్ల స్కూల్లో. గెలిస్తే రెండు పాయింట్లు. ఓడినా ఒకటి ఇస్తారు, వచ్చి ఆడినందుకు. రాకుండా ఎగ్గొడితే సున్నా. పది ఆటలయ్యాక పట్టికలో ఎవరు పైనుంటే వాళ్లదే కప్పు. అన్ని ఎమిరేట్ల పోటీకి వెళ్లేది కూడా ఆ ఒక్క జట్టే. ఓడినవాళ్లకు పాయింటెందుకయ్యా అని నేను నవ్వితే, "వచ్చి నిలబడినోడికి ఏదో ఒకటి ఇయ్యాల గదా" అనేవాడు.

తొమ్మిది ఆటలయ్యేసరికి దుబాయ్ స్కూలొకటి తొమ్మిదీ గెలిచి పద్దెనిమిది మీద ఉంది. మా పిల్లలు ఎనిమిది గెలిచి ఒకటి ఓడి పదిహేడు మీద ఉన్నారు. ఓడిన ఆ ఒకటీ వాళ్ల చేతిలోనే, ఏడు పాయింట్ల తేడాతో. మిగిలిన పదో ఆట మళ్లీ వాళ్లతోనే, మా స్కూల్లో. ఆయన పోయిన వారమే జరగాల్సింది. పరీక్షలని మూడు వారాలు వాయిదా వేశారు.

అప్పటికి నేను ఇద్దత్‌లో ఉన్నాను. మొగుడు పోయినామె నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్లతో మాట్లాడకూడదు. ఎదురు ఫ్లాట్‌లో కడప పెద్దమ్మ ఒకామె రోజూ వచ్చి తోడు కూర్చునేది. మంచిదే, నోరే కాస్త పదును. మా అమ్మాయి బ్యాగు సర్దుకుంటుంటే, "నాయన పోయి నెల గుడక కాలేదు, బంతాటకు పోతాదంట!" అనేది. ఆడపిల్లకు మూడు రోజులే సంతాపం, మిగతాది నాకు గానీ దానికి కాదు అని నేనే పంపాను.

ఆటకు ముందు మంగళవారం దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "మీ నాయన ఎనిమిది తేడాతో గెలవాలన్నాడు. మీ సార్‌తో చెప్పు."

"గెలిస్తే చాలమ్మా. ఇద్దరికీ పంతొమ్మిదై సమానమైతే ఇంకో ఆట పెడతారు, ఫైనల్ మాదిరి. సారే చెప్పినాడు." నా మొహం చూడకుండా అంది. ఆ సారు మలయాళీ, ఏడాది మధ్యలో వచ్చినవాడు. ఆట రోజు, శనివారం పొద్దున అది బయలుదేరుతుంటే మళ్లీ చెప్పాను. తల ఊపి వెళ్లిపోయింది.

ఎందుకు ఎనిమిదో నాకే తెలియనప్పుడు దాన్ని ఏమని ఒప్పించను?

ఆయన అన్నం సంచిని కంపెనీవాళ్లు పంపితే మేకుకు తగిలించి అట్లాగే వదిలేశాను. తినకుండా పోయిన మనిషి. అందులో నేను పెట్టిన అన్నం అట్లాగే ఉంటుందన్న భయం. మూడు వారాలు ఆ గోడవైపు చూడలేదు. ఆ శనివారం నమాజయ్యాక నిలవలేక తెరిచాను. గిన్నెలు శుభ్రంగా కడిగి ఉన్నాయి. ఎవరు కడిగారో ఇప్పటికీ తెలియదు. పక్క జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, ఇంగ్లీషులో. ఒక చోట పెన్నుతో రెండు గీతలు, పక్కన ఆయన చేతి ఎనిమిది.

ఆడపడుచు క్లినిక్‌లో డ్యూటీ దిగి మూడు దాటాక వచ్చింది. చెప్పులు విప్పనీయకుండా కాగితం చేతిలో పెట్టాను.

"వదినా, ఇది లీగ్ రూల్స్. సమానమైతే ఇంకో ఆట లేదు."

"మరి?"

"వాళ్లిద్దరి మధ్య జరిగిన రెండు ఆటలే చూస్తారు. చెరొకటి గెలిచుంటే, రెండిట్లో కలిపి ఎవురు ఎక్కువ పాయింట్లు ఏసినారో వాళ్లు పైన."

కత్తిరించే బల్ల మీద నల్లగుడ్డ పరిచి సుద్దతో గీసుకున్నాం. మొదటి ఆటలో మా వైపు ఏడు తక్కువ. ఏడు అంగుళాలు పొట్టిగా తెగిన బట్టకు ఏడు అతికితే సమానం, అంతే.

"ఏడుతో గెలిస్తే?" అన్నాను.

"అప్పుడు మొత్తం పది ఆటల తేడా చూస్తారంట. దాంట్లో వాళ్లే పైన." ఎందుకో నాకు తెలుసు. బలంలేని జట్లతో ఆడినప్పుడు మా సారు పెద్ద పిల్లల్ని కూర్చోబెట్టి చిన్నవాళ్లకు ఆట ఇచ్చేవాడు. దుబాయ్ స్కూలువాళ్లు కనికరం లేకుండా నలభైతో, యాభైతో కొట్టారు. అంటే ఎనిమిదే.

ఆట నాలుగింటికి. స్కూలుకు ఫోన్ చేస్తే శనివారం ఎవరూ ఎత్తలేదు. ఆటకు ముందు సారు పిల్లల ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించేస్తాడు. ఆయన నంబరు ఆడపడుచు దగ్గర లేదు, మా ఆయన ఫోనుకు తాళం ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. ఆడపడుచు చెప్పులైనా విప్పకుండా టాక్సీ ఎక్కింది. నేను బల్ల దగ్గర నిలబడి ఫోన్ ముందు పెట్టుకున్నాను. పెద్దమ్మ తస్బీ పూసలు తిప్పుతూ నన్నే చూస్తోంది.

ట్రాఫిక్‌లో ఆ టాక్సీ నడక కంటే మెల్లగా పోయింది. ఫోన్ వచ్చేసరికి ఆట మూడు వంతులు అయిపోయింది.

"మనమే ముందు వదినా. నాలుగు తేడా."

"సార్‌తో చెప్పు!"

"చెప్పినా. తర్వాత మేడమ్, తర్వాత మేడమ్ అంటున్నాడు. కాగితం చూపిస్తే చేత్తో నెట్టేసినాడు."

"పిల్లకి?"

"కోర్టులో ఉంది. అరిచినా ఇనపళ్లేదు, ఒకటే గోల."

కాసేపటికి టైమవుట్ అడిగారంది. నాలుగు నిమిషాల ఆట మిగిలింది, తేడా అయిదు. "నీ ఫోను ఆ సారు చెవి దగ్గర పెట్టు" అన్నాను.

పెద్దమ్మ తస్బీ ఆగిపోయింది. "ఏమ్మా, ఇద్దత్‌లో ఉండి పరాయి మగోనితో మాట్లాడ్తావా? గొంతు గుడక ఇనపడకూడదంటారే!"

"ఇది గొంతా పెద్దమ్మా? తుప్పు పట్టిన కత్తెర. ఎవురు ఇంటే ఏముంది." ఏడ్చి ఏడ్చి నా గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

అవతల ఆయన విసుగు వినిపించింది. "దీదీ, మ్యాచ్ చల్ రహా హై. జీత్ గయే తో ఖలాస్." గెలిస్తే అయిపోయింది, ఇంకేమిటంటాడు.

"సర్, మై ఉస్‌కీ అమ్మీ. ఆఠ్ సే జీత్‌నా. ఉస్‌కే అబ్బా నే బోలా. కాగజ్ మే లిఖా హై."

ఎనిమిదితో గెలవాలని దాని నాయనే చెప్పాడని, కాగితంలో రాసి ఉందని నాకొచ్చిన హిందీలో అన్నాను. మా ఆయన ప్రతి ఆటకూ ఆ సారు బెంచీ చివర కూర్చున్న మనిషి. "భాయ్ నే?" అన్నాడు, అన్నే చెప్పాడా అని. ఫోన్ ఆడపడుచుకి ఇచ్చేసి, కాగితం లాక్కుని, స్కోరు రాసేవాళ్ల బల్ల దగ్గరికి పరిగెత్తాడట. తిరిగొచ్చి పిల్లలతో ఏదో అరిచాడట. బంతి ఆపుకుని ఆడటం మాని, కోర్టంతా పరుచుకుని, బంతి ఎక్కడుంటే అక్కడ మీద పడమన్నాడు.

అట్లా మీద పడితే వెనక ఖాళీ అవుతుంది. నాకది తెలియదు. అవతలి పిల్లలు ఆ ఖాళీలోంచి రెండుసార్లు దూరి వేసేశారు.

"ఒకటే తేడా వదినా. ఒక్కటే."

మామూలుగా గెలవాల్సిన ఆటను ఇంట్లో కూర్చుని నేను ఓడగొడుతున్నానా? ఇది ఓడితే కప్పూ లేదు, గెలుపూ లేదు. తండ్రి లేని పిల్ల తలవంచుకుని ఇంటికొస్తుంది. ఆపమని చెప్పమందామని నోటిదాకా వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నోరు మూసుకున్నాను.

"మూడు!" అని అరిచింది. కాసేపటికి మళ్లీ, "ఆరు! దూరంనుంచి ఏసింది వదినా, మన పిల్లే! ఆరు!"

"ఎంతసేపుంది?"

"ఇరవై సెకన్లు. బంతి వాళ్ల దగ్గరుంది."

"ఇంకేం, లాక్కోమను!"

"వాళ్లు బుట్టవైపే పోవట్లేదు. చేతులు మార్చుకుంటా ఊరికే తిరుగుతున్నారు."

"ఎందుకు ఎయ్యరు? ఓడిపోతున్నారు గదా?"

"ఆరుతో ఓడిపోతే చాలు వదినా వాళ్లకి."

మా పిల్లల వైపు కూర్చున్న తల్లిదండ్రులందరూ గెలిచామనుకుని పది, తొమ్మిది, ఎనిమిది అని గట్టిగా లెక్కపెడుతున్నారు. మా అమ్మాయి ఒకసారి బంతిని కొట్టిందట, అది గీత దాటి బయటపడింది, మళ్లీ వాళ్లకే ఇచ్చారు. గంట మోగింది. చప్పట్లు, ఈలలు నా చెవి పగిలేటట్టు వినిపించాయి.

పెద్దమ్మ లేచింది. "అల్హమ్దులిల్లా! గెల్సినారంటనే!" అని వంటింట్లోకి వెళ్లి చక్కెర తెచ్చి నా నోట్లో వేసింది. ఆ చక్కెర మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను. అక్కడ ఓడిన పిల్లలు ఒకరినొకరు ఎత్తుకుని గంతులేస్తున్నారని, గెలిచిన పిల్లలు నేల మీద కూలబడ్డారని ఆడపడుచు చెబుతోంది. మా వైపు జనం చప్పట్లు కొట్టీ కొట్టీ ఏం జరుగుతోందో తెలియక ఒక్కొక్కరే ఆపేశారట.

అమ్మాయి పొద్దుగూకాక వచ్చింది. బ్యాగు కింద పెట్టలేదు.

"ఆరు" అంది.

"తెలుసు. ఇన్నా."

"నేను సార్‌కి చెప్పలేదమ్మా. మంగళారం నువ్వు చెప్పినాక చెప్పలా. ఈ పొద్దు చెప్పినాక గూడా చెప్పలా."

"ఏంటికి?"

"ఎవురు చెప్పినారని అడుగుతాడు గదా. మా నాయన అనాల. ఆ మాట అంటే జట్టు ముందర ఏడుస్తానని..." అక్కడే ఆగింది. "ముందే తెలిసుంటే మొదట్నించీ ఎగబడి ఆడేవాళ్లం. నావల్లే పోయింది."

నేనూ అప్పుడే చెప్పాను, ఆ సంచి మూడు వారాలు మేకుకు తగిలించి ఉంచింది నేనని, మొదటిరోజే తెరిచి ఉంటే కాగితం నేరుగా సారు చేతికే వెళ్లేదని. అది వినలేదు. నావల్లే అని అదంటుంది, నావల్లే అని నేనంటాను. ఆ మాటల మధ్యే మూడు వారాల తర్వాత మొదటిసారి నా ఒళ్లో తలపెట్టి వాళ్ల నాయన కోసం ఏడ్చింది. పెద్దమ్మ చక్కెర గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి, తన ఫ్లాట్‌కి వెళ్లిపోయింది. నేను సారుతో మాట్లాడానని ఆమె ఎవరికీ చెప్పలేదు. అదొకటి రాయాలి.

అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. బాస్కెట్‌బాల్ మాట వస్తే చాలు, ఇప్పటికీ ఆ తప్పు తన మీదే వేసుకుంటుంది. నోటితో చెబితే తోసేస్తుంది కాబట్టి కాగితం మీద పెట్టిస్తున్నాను. దాని చేతికి ఇస్తాను.

ఆడపడుచా, నువ్వు రాసింది చాలు. నువ్వు ఆ రోజు ఇంట్లోనూ కోర్టు దగ్గరా రెండు వైపులా చూసినదానివి, నా మీద జాలిపడి నా తప్పు యాడన్నా తగ్గించి రాసినావేమో. ఫోను పక్కన పెట్టి, మొదట్నించీ ఒక్క మాట వదలకుండా గట్టిగా చదువు. వింటా.