అంచులు కరిగిన ఫొటో

హైందవి అబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. డాక్టరు రాసిన పవర్ చూసి అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగిస్తుంది. నాంపల్లిలో తండ్రి బాలకిషన్‌తో కలిసి ఉంటుంది. ఆయన బేగం బజార్‌లోని ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తాగా చేసి మానుకున్నాడు. హైందవికి ఫొటోలు తీయడమంటే పిచ్చి.

ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల పక్కన, ఆమెకు ఒక పాత లెన్సు కనిపించింది. చల్లగా, బరువుగా ఉంది. రింగు తిప్పితే మెత్తగా తిరిగింది. తన కెమెరాకు పట్టేలా మధ్యలో ఇంకో రింగు వేసి బిగించుకుంది. మర్నాడు పొద్దున్నే తండ్రిని వెంటబెట్టుకుని పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లింది.

పొగమంచు ఇంకా చెట్ల కింద తచ్చాడుతోంది. బెంచీ మీద కూర్చున్న తండ్రిని ఫొటో తీసింది. ఆయన మొహం ముడతలతో సహా స్పష్టంగా వచ్చింది. చుట్టూ ఉన్న చెట్లు, గడ్డి, నడకకు వచ్చినవాళ్లు మాత్రం నీళ్లలో రంగు కలిపినట్టు సుడి తిరుగుతూ కరిగిపోయారు. ఎన్ని తీసినా అంతే. అందంగానే ఉంది గానీ లెన్సు బాగాలేదని అర్థమైంది.

ఇంటికొచ్చి గాజు తుడిచింది. మార్పు లేదు. మధ్య రింగు విప్పి మళ్లీ బిగించింది. లాభం లేదు. కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే లోపల బూజు కూడా లేదు.

"ఏంది బిడ్డా, పొద్దటి సంది దాన్నే పట్టుకున్నవ్?" అన్నాడు బాలకిషన్.

"లెన్సు ఖరాబున్నది బాపూ. నడుమ మంచిగొస్తుంది, పక్కలకు అంతా అలికినట్టున్నది" అంటూ ఫొటో చూపించింది.

ఆయన చాలాసేపు చూశాడు. "దీంట్ల ఖరాబేమున్నది? నాకు గిట్లనే కనబడ్తది గద."

"గిట్లనే అంటే?"

"నడుమ నువ్వు కనబడ్తవ్. పక్కలకు మబ్బు కమ్మినట్టుంటది. వయసు మీద పడితే అందరికీ గంతే కదా?"

హైందవి కెమెరా పక్కన పెట్టి ఆయన కళ్లలోకి చూసింది. ఆయన కాలు గడపకు తగలడం, పక్క నుంచి వచ్చే ఆటో కనిపించకపోవడం పరధ్యానమే అనుకుంది ఇన్నాళ్లూ. దుకాణంలోని అక్షరాల బోర్డు చివరి వరుస దాకా చదివే మనిషి చూపును ఆమె ఎందుకు అనుమానిస్తుంది?

మర్నాడే కంటి దవాఖానకు తీసుకెళ్లింది. పరీక్షలన్నీ చేసి, నీటికాసులు, అంటే గ్లకోమా అని చెప్పింది డాక్టరమ్మ. "పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవచ్చు. చుక్కల మందు రోజూ వేసుకోవాలి, మానొద్దు."

తిరిగొస్తూ ఆటోలో బాలకిషన్ ఆమె వైపు జరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఇగ రోడ్డు దాటేటప్పుడు జర చెయ్యి పట్టుకో. ఇన్నొద్దులు అడగనీకి సిగ్గయ్యింది."

ఆమె అప్పుడే పట్టుకుంది. ఆటో దిగాక కూడా వదల్లేదు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం, దుకాణంలో గిరాకీ లేనప్పుడు, లెన్సు ముందు గాజులో ట్యూబ్‌లైటు నీడ చూస్తూ కూర్చుంది. ఆ నీడ ఉండాల్సినట్టు వంగలేదు. బయటికి ఉబ్బి ఉండాల్సిన గాజు చదునుగా కనిపిస్తోంది. ముందున్న రింగు విప్పింది. ఎవరో శుభ్రం చేయబోయి గాజును తిరగేసి పెట్టారు. దాన్ని తిప్పి బిగించింది.

ఆ ఆదివారం మళ్లీ వెళ్లి తీసిన ఫొటోలో తోట అంచుల దాకా విచ్చుకుంది. ఇంట్లో టీవీ తెర మీద పెట్టింది. బాలకిషన్ దగ్గరగా జరిగి, ఒక కొస నుంచి మెల్లగా తల తిప్పుకుంటూ చూడసాగాడు. ఒక కొమ్మ, దాని పక్కన ఎండ, ఆ తర్వాత ఇంకో కొమ్మ.

"ఆగు, గీడ చెట్టు కింద ఎవరో పండుకున్నరు."

"తోటమాలి బాపూ."

"మంచి నిద్రల ఉన్నడు" అని నవ్వి, ఆ చెట్టు దాటి ఏముందో చూడ్డానికి తల ఇంకాస్త తిప్పాడు.